నీటికి దారి ఏర్పరచిన నవాబు – అలీ నవాజ్ జంగ్

చైతన్యపురిలో నివసించువారికి మూసీనది క్రొత్తది కాదు. మన ఫణిగిరి గుట్టపై, కోసగుండ్ల నరసింహస్వామి ఆలయమున్న చోట, బండరాతిపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన శాసనమొకటి కలదు. విష్ణుకుండినుల కాలమునాటిదని పండితులు నిర్ణయించిన ఆ శాసనమును బట్టి ఇచ్చట గోవిందరాజ విహారమను బౌద్ధవిహారము ఉండినదని తెలియుచున్నది. అనగా సుమారు పదిహేను వందల సంవత్సరముల క్రిందటనే ఈ నది ఒడ్డు మనుష్యుల కంటికి నచ్చినది. అయితే ఆ భిక్షువులు గుట్టమీద నివసించినారు. మనము గుట్ట దిగి, నది అంచువరకు వచ్చి ఇండ్లు కట్టుకొన్నాము.

ఈ భేదము ఎంతటిదో వానాకాలమున తెలియును. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినారన్న వార్త వచ్చినంతనే మూసారాంబాగ్ లోలెవెల్ వంతెనపై రాకపోకలు ఆపివేయవలసి వచ్చెడిది. 2022 జూలైలోను అట్లే జరిగినది. దిల్‌సుఖ్‌నగర్ నుండి అంబర్‌పేట వైపు పోవలసిన మనవంటి విద్యార్థులు ఆ దినమున చుట్టుదారి పట్టినారు. ఆ గేట్లు ఎవరు పెట్టించినారు, ఎందుకు పెట్టించినారు, అవి లేనియెడల ఏమి జరిగియుండెడిది అని ఆ చుట్టుదారిలో మనము ఆలోచించినామా? ఈ వ్యాసమునకు అదియే కారణము.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు మనకందరకు తెలియును. వారి జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నాము. ఆయనతోపాటు చెప్పవలసిన హైదరాబాదీ ఒకరు కలరు. ఆయన పేరు మీర్ అహ్మద్ అలీ. నిజాం ప్రభుత్వ బిరుదుతో ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌గా ప్రసిద్ధులైనారు.

ఆయన 1877వ సంవత్సరము జూలై 11వ తేదీన హైదరాబాదులో జన్మించినారు. తండ్రి మీర్ వాయెజ్ అలీ ప్రభుత్వోద్యోగి. కుమారుడు సెయింట్ జార్జెస్ గ్రామర్ పాఠశాలలోను, మద్రసా-ఎ-ఆలియాలోను, తరువాత నిజాం కళాశాలలోను చదివినారు. 1896లో ప్రభుత్వము విద్యార్థివేతనమిచ్చి ఆయనను ఇంగ్లండుకు పంపినది. అప్పటికాయనకు పంతొమ్మిదేండ్లు. అనగా ఈ సంచిక చదువుచున్న మనలో అనేకుల వయస్సే.

ఆయన చేరినది కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాల. థేమ్స్ నది సమీపమున కొండమీద వెలసిన ఆ కళాశాలకు ఒక విచిత్రమైన చరిత్ర కలదు. ఇంగ్లండులో ఉండియు అది ఇంగ్లండు కొరకు పుట్టినది కాదు. భారతదేశపు ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారుచేయుటకై 1870 దశకము ఆరంభమున దానిని స్థాపించినారు. 1906లో మూసివేసినారు. మన నదులకు కట్టవలసిన ఆనకట్టల లెక్కలను మన నదులను చూడని కుర్రవాండ్రకు అచ్చట నేర్పెడివారు. అట్టి తరగతిలో మూసీని, మంజీరను ఎరిగిన హైదరాబాదు విద్యార్థి కూర్చుండుట ఒక విశేషమే. చదువు ముగించి 1899లో తిరిగివచ్చి ఆయన రాష్ట్ర ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరినారు.

ఆయన ఉద్యోగమున చేరిన తొమ్మిదేండ్లకు, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీ నగరముపై విరుచుకుపడినది.

ఆ వరదను గురించి మన ఇండ్లలో పెద్దలు చెప్పుకొనిన కథలు ఎన్నియో కలవు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని నిలిచియున్న చింతచెట్టు ఆ రాత్రి నూటయేబదిమంది ప్రాణములు కాపాడినదని ప్రతీతి. మృతులు పదిహేను వేలవరకు ఉందురని అంచనా. కథలకంటె లెక్కలు మనకు ఎక్కువ నేర్పును గనుక వాటిని కొంత చూతము. శంషాబాదులో ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినది. నగరమునకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతములో 788 చెరువులు ఉండినవి. అనగా రమారమి చదరపు మైలునకు ఒక చెరువు. వాటిలో 221 చెరువుల కట్టలు తెగినవి.

ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. గొలుసుకట్టు చెరువులు మన పూర్వుల ప్రతిభకు నిదర్శనము. ఎగువ చెరువు నిండి మత్తడి పొర్లినచో ఆ నీరు దిగువ చెరువునకు చేరును, అది నిండినచో తరువాతిదానికి చేరును. సామాన్యమైన వానకు ఇంతకంటె అందమైన ఏర్పాటు లేదు. అయితే ఎగువకట్ట ఒకటి తెగినచో ఆ చెరువులోని నీరంతయు ఒక్కుమ్మడిగా దిగువకట్టపై పడును. అది ఆ భారమునకు తెగి, రెండు చెరువుల నీటిని మూడవదానిపైకి తోయును. నీటిని పంచుకొనుటకు ఏర్పడిన గొలుసే వినాశమును మోసుకొని వచ్చు గొలుసుగా మారును. 1908లో జరిగినది ఇదియే. ప్రతి చెరువును ఎవరో ఒకరు తెలివిగా కట్టినారు. కాని నదినంతటిని ఒక్కటిగా చూచినవారు అప్పటికి లేరు.

ఉద్యోగవిరమణ చేసి విదేశములలో పర్యటించుచుండిన విశ్వేశ్వరయ్యగారిని నిజాం ప్రభుత్వము పిలిపించినది. 1909లో వారు ఇచ్చటనే ఉండి పరీవాహక ప్రాంతమంతయు కొలిపించినారు. నగరమునకు ఎగువన మూసీపై ఒకటి, దాని ఉపనదియైన ఈసీపై ఒకటి, రెండు జలాశయములు కట్టవలెనని నిర్ణయించినారు. నగరములో నది ఒడ్డులను కట్టుదిట్టము చేయవలెననియు, మురుగునీటి కాల్వలు వేయవలెననియు సూచించినారు. పిమ్మట వారు మైసూరు వెళ్ళినారు. మొదటి జలాశయమగు ఉస్మాన్‌సాగర్ నిర్మాణము సి.టి. దలాల్ అను ఇంజనీరు పర్యవేక్షణలో 1913 నుండి 1920 వరకు సాగినది. రెండవదియైన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తియైనది. అప్పటికి అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరు పదవిలో ఉండినారు. 1918లోనే ఆయన ఆ పదవిని, దానితోపాటు శాఖా కార్యదర్శి పదవిని స్వీకరించినారు.

ఈ రెండు జలాశయముల కీర్తి ఎవరిదన్న వాదము అప్పుడప్పుడు వినిపించుచుండును. ఒకరు అంతయు విశ్వేశ్వరయ్యగారిదే అందురు, మరియొకరు అంతయు నవాబుగారిదే అందురు. మాకు ఈ పోటీ రుచింపదు. ఒకరు నదిని కొలిచినారు, ఒకరు రాళ్ళు పేర్పించినారు, మరియొకరు పది పదునైదేండ్లపాటు నిధులను, మనుష్యులను, నమ్మకమును సడలనీయక పని కొనసాగించినారు. కాగితముపై గీసిన గీతకును నిలబడిన గోడకును మధ్య పద్దెనిమిదేండ్లు గడచినవి. ఈ నడిమి కాలమున పని చేసినవారి పేర్లే సాధారణముగా మరుగున పడును.

ఈ జలాశయములలో ఒక చిక్కు కలదు. సాంకేతిక విద్య చదువువారు దీనిని గమనింపవలెను. వరదను ఆపవలసిన జలాశయము ఖాళీగా ఉండవలెను, లేనిచో వచ్చు వరదకు చోటుండదు. త్రాగునీరీయవలసిన జలాశయము నిండుగా ఉండవలెను, లేనిచో వేసవిలో నగరము దాహముతో అలమటించును. ఒకే గోడతో ఈ రెండు పనులు చేయించుట ఎట్లు? కొంత మట్టమువరకు నీటిని నిలువయుంచి, ఆపై వరద కొరకు చోటు విడిచి, గేట్లతో ఆ హద్దును కాపాడుటయే దీనికి మార్గము. ఉస్మాన్‌సాగర్‌కు 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌కు 1763.5 అడుగులు పూర్తిమట్టములుగా ఏర్పడినవి. మొదటిదానికి 15, రెండవదానికి 17 వరద గేట్లు కలవు. గేట్లు ఎత్తినారన్న వార్త మనకు విసుగు కలిగించవచ్చును. కాని ఆ గేటు తెరచుకొనుట అనగా లెక్క సరిగా నడచుచున్నదనియే అర్థము. తప్పు గేటుది కాదు, నది దారిలో తక్కువ ఎత్తున కట్టిన వంతెనది, నది దారిలోనే వెలసిన ఇండ్లది.

మరియొక సంగతి మన ప్రాంతమువారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కుంభవృష్టి కురిసి సరూర్‌నగర్ చెరువు పొంగినది, దిగువనున్న కాలనీలు జలమయమైనవి. రెండు పెద్ద జలాశయములుండగా ఇట్లేల జరిగినదని అనేకులు ప్రశ్నించినారు. సమాధానము సులభము. ఆ జలాశయములు నగరమునకు పడమట ఉన్నవి, పడమటి నుండి వచ్చు నీటినే అవి ఆపగలవు. ఆ దినమున అత్యధిక వర్షము తూర్పున కురిసినది. ఘట్‌కేసర్ ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించి వాన పడినది. తూర్పు హైదరాబాదున పడిన వానకు అడ్డుగా ఏ ఉస్మాన్‌సాగరును లేదు. ఇచ్చట ఆ పని చేయవలసినవి సరూర్‌నగర్ మొదలుకొని మన చుట్టునున్న పాత చెరువులు, వాటిని కలుపు కాల్వలు. వాటి దారులు మూసికొనిపోయిన తీరు మనమెరిగినదే. 1908లో చెరువులు తెగి ఊరు మునిగినది. 2020లో చెరువులకు చోటు లేక ఊరు మునిగినది.

హిమాయత్‌సాగర్ పని సాగుచున్న కాలముననే అలీ నవాజ్ జంగ్ తన జీవితములో మిక్కిలి పెద్దదైన కార్యమును చేపట్టినారు. గోదావరికి ఉపనదియైన మంజీరపై, అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ, నిజాంసాగర్ నిర్మాణము 1923లో ప్రారంభమై 1931లో ముగిసినది. సుమారు మూడు కిలోమీటర్ల పొడవుగల ఆ రాతి ఆనకట్ట క్రింద రెండులక్షల డెబ్బదియైదువేల ఎకరములకు నీరీయవలెనని సంకల్పించినారు. నాడు నిజాంరాజ్యములో అంతటి నీటిపారుదల పని మరియొకటి లేదు.

రాతి ఆనకట్ట నిలుచుట వెనుక సూత్రము చూచుటకు సులభము, చేయుటకు కఠినము. అది తన బరువుతోనే నిలుచును. వెనుకనున్న నీరు దానిని ముందునకు తోయుచుండును, అడుగున ఇంకిన నీరు దానిని పైకెత్తుచుండును. ఈ రెండు బలములకు మించిన బరువు గోడకు ఉండవలెను. లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడి పెరుగును గనుక గోడ పైన సన్నగాను అడుగున వెడల్పుగాను ఉండవలెను. ఒక రాయి తక్కువైన ప్రమాదము, పది రాళ్ళు ఎక్కువైన ధనవ్యయము. ఈ మధ్యనున్న సన్నని దారిలో నడచుటయే ఇంజనీరు విద్య.

అయినను మాకు ఆనకట్టకంటె దాని కాల్వ ఎక్కువ ఆశ్చర్యము కలిగించినది. నిజాంసాగర్ ప్రధానకాల్వ బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ ప్రాంతముల గుండా నూరు కిలోమీటర్లకు మించి ప్రవహించును. తూము వద్ద విడిచిన నీరు చివరి పొలమునకు వెంటనే చేరదు, దినములు పట్టును. ఈ లోపల చివర వాన కురిసినచో వచ్చుచున్న నీరు వ్యర్థము. వాన తప్పినచో ఆ నీరు వచ్చువరకు పైరు ఎండును. ఈ కష్టమునకు పరిహారముగా నిజామాబాద్ సమీపమున కాల్వ నడుమ ఒక చిన్న జలాశయమును ఏర్పరచినారు. ఎక్కువైన నీటిని అది దాచుకొనును, తక్కువైనపుడు ఇచ్చును. పెద్ద గోడ కట్టి చేతులు దులుపుకొనిన మనిషికి ఈ చిన్న చెరువు తట్టదు. చివరి పొలము రైతును తలచుకొనినవానికే తట్టును. ఆ చెరువునకు ఆయన పేరే పెట్టినారు. అదియే అలీసాగర్. ఖమ్మం ప్రాంతమున వైరా, పాలేరు జలాశయములును ఆయన కాలమున వెలసినవే.

నీరు వచ్చిన వెంట చెరకు వచ్చినది. చెరకు వెంట 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినది. కాల్వల సేద్యమెరిగిన కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి అచ్చట స్థిరపడినారు. జిల్లా రూపమే మారినది. ఇది ఒక ప్రక్క. మరియొక ప్రక్క ఆ నీటిక్రింద గ్రామములు మునిగినవి. ఆ గ్రామముల వారి కష్టమును ఏ ప్రారంభోత్సవ ఫలకముపైనను చెక్కరు. మనము ఇంజనీరును కీర్తించునపుడు దీనిని మరచుట న్యాయము కాదు.

ఇంకొక లోపము కాలక్రమమున బయటపడినది. మంజీర నల్లరేగడి భూముల నుండి ఒండ్రు మోసుకొనివచ్చు నది. మొదట సుమారు 30 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టిన నిజాంసాగర్, 1973 నాటికి 12 శతకోటి ఘనపుటడుగులకు లోబడిపోయినది. నలుబది రెండేండ్లలో సగముకంటె ఎక్కువ చోటు మట్టిపాలైనది. పిమ్మట మట్టమును పెంచి కొంతవరకు సరిచేసినారు. ఒండ్రు వచ్చునని ఆనాటి ఇంజనీర్లకు తెలియక కాదు. ఇంత వేగముగా వచ్చునని వారి లెక్కకు అందలేదు. పైగా ఎగువన మంజీర నీటిని హైదరాబాదు నగరము త్రాగుటకు మొదలిడినది. సింగూరు కట్టిన పిదప నిజాంసాగర్‌కు వచ్చు నీరు మరింత తగ్గినది. తుదకు అలీసాగర్ పేరుతోనే ఎత్తిపోతల పథకము నెలకొల్పి, గోదావరి నీటిని పైకి తోడి ఆ చివరి పొలములకు అందించవలసి వచ్చినది. మనిషి కట్టిన ఏ వస్తువును కట్టిననాటితో పూర్తికాదని నిజాంసాగర్‌ను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన కీర్తి హైదరాబాదు సరిహద్దులు దాటినది. సింధునదిపై సుక్కూరు వద్ద కట్టుచుండిన మహానిర్మాణమును పరిశీలించుటకు 1929లో బొంబాయి ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని, అలీ నవాజ్ జంగ్‌ను నియమించినది. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడుగా ఉండిన సుభాష్‌చంద్ర బోసు జాతీయ ప్రణాళికా సంఘమును ఏర్పాటు చేసి జవహర్‌లాల్ నెహ్రూను దానికి అధ్యక్షుని చేసినారు. ఆ సంఘము నదుల క్రమబద్ధీకరణకు, నీటిపారుదలకు నియమించిన ఉపసంఘమునకు అధ్యక్షులు అలీ నవాజ్ జంగ్‌గారే. నిజాం కొలువులో తలనెరిసిన నవాబు, కాంగ్రెసు ఆలోచించుచుండిన స్వతంత్ర భారతపు నీటిలెక్కలు వేసినారన్నమాట. కృష్ణా, తుంగభద్ర, గోదావరి నీటిలో వాటాల విషయమై మద్రాసుతో జరిగిన చర్చలలో హైదరాబాదు పక్షమున నిలిచినదియు ఆయనే.

ఇచ్చట మా కళాశాలకు సంబంధించిన ఒక మాట. ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడివైపు నుండి, తెలుగు పుటలు ఎడమవైపు నుండి తెరచుకొనును. ఆ రెండును నడుమ ఎచ్చటనో కలిసికొనును. నీటిపని చేసిన ఆనాటివారి కాగితములు ఉర్దూలో నడచినవి, కట్టమీది మాటలు తెలుగులో నడచినవి. తాలాబ్, నహర్, బంద్ అని దఫ్తరులో వ్రాసినదానినే పొలమువద్ద చెరువు, కాల్వ, కట్ట అన్నారు. పాతనగరములోని తలాబ్‌కట్ట పేరులో ఈ రెండు భాషలును ఒక్కటై కూర్చున్నవి. 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు కళాశాల వెలసినపుడు బోధన ఉర్దూలోనే సాగినది. దారుల్ తర్జుమాలో శాస్త్రగ్రంథములు అనువాదమగుచుండినవి. పరదేశములో పరభాషలో ఇంజనీరింగు చదివివచ్చిన అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా ఉన్న కాలముననే, దేశభాషలో ఆ విద్య నేర్పవచ్చునని ఈ నగరము చేసి చూపినది. తెలుగులో అట్టి ప్రయత్నము అంత విస్తారముగా జరుగలేదే యని మాకు కించిత్తు చింత కలదు. తెలుగు పుటల సంపాదకులము గనుక ఈ మాత్రము చెప్పుకొనుటకు మాకు హక్కున్నదని తలచుచున్నాము.

1949 డిసెంబరు 6వ తేదీన ఆయన పరమపదించినారు. హైదరాబాదు భారతదేశములో విలీనమై అప్పటికి ఏడాది దాటినది. తరువాతి కాలమున వచ్చిన పాఠ్యపుస్తకములలో ఆయనకు దక్కవలసిన చోటు దక్కలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఆయన జన్మదినమైన జూలై 11వ తేదీని తెలంగాణ ఇంజనీర్ల దినముగా ప్రకటించినారు. ఎగువ జలాశయముల చుట్టు పదికిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కట్టడములను నియంత్రించుటకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వులోని నిబంధనలను 2022 ఏప్రిలులో సడలించినారు. ఆయన పేరిట దినమును జరుపుకొనుటకును, ఆయన కాపాడిన చోటును విడిచిపెట్టుటకును నడుమ పట్టినది ఎనిమిదేండ్లే.

నిజామాబాద్ వైపు విహారయాత్రకు వెళ్ళిన మన విద్యార్థులు అలీసాగర్ తోటలో ఛాయాచిత్రములు తీసికొనుట పరిపాటి. ఆ అలీ ఎవరని మేము కొందరిని అడిగినాము. ఏ రాజో అయి ఉండవచ్చునన్నారు, ఏ పీరో అయి ఉండవచ్చునన్నారు. కాల్వలు తవ్వించిన ప్రభుత్వోద్యోగి అని ఒక్కరును చెప్పలేదు.